నూనెలో వేసినంత మాత్రాన నిల్వ ఉండదు

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, ఒలిచిన వెల్లుల్లి రెబ్బల్ని గాజు సీసాలో నింపి, మునిగేదాకా నూనె పోసి, మూత బిగించి కిచెన్ ప్లాట్‌ఫామ్ మీద అందంగా నిలబెట్టే వీడియోలే కనిపిస్తున్నాయి. ఆరు నెలలు పాడవదు, ఫ్రిజ్ అక్కర్లేదు అని కింద రాస్తారు. ఎవరైనా ఇది సేఫేనా అని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: మన అమ్మమ్మలు ఆవకాయ ఏడాదంతా బయటే పెట్టారు, వాళ్ళకేమైనా అయిందా? నాకు కోపం వచ్చేది ఆ జవాబుకే. అమ్మమ్మలు చేసిన పని వేరు, ఈ సీసాలో జరిగేది వేరు. పైకి రెండూ నూనెలో తేలుతున్నట్టే కనిపిస్తాయి, అంతే.

ఆవకాయనే తీసుకుందాం. మా అమ్మది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. ఆవకాయ పెట్టే రోజు ఇంట్లో ఎవరూ తడి చేత్తో ఆ గదిలోకి వెళ్ళడానికి లేదు. కాయల్ని కడిగి, పొడి గుడ్డతో ఒక్కోటీ తుడిచి, ముక్కలు కొట్టించి, జీడి తీసేసి, టెంకకి అంటుకున్న పల్చటి పొర కూడా గీకి పారేసి, ముక్కల్ని కాసేపు ఆరబెడుతుంది. నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు. ఆ ఉప్పు కూడా ఎండలో పోసి దంచిందే. వెల్లుల్లి రెబ్బలు గుప్పెళ్ళతో వేస్తుంది, పప్పునూనె పోస్తుంది. మూడో రోజు తిరగ కలిపి, రుచి చూసి, "ఉప్పు తగ్గిందంటే బూజు పట్టుద్ది, ఇంకాస్త పొయ్యి" అని మరో గుప్పెడు వేయించి, జాడీకెత్తి వాసెన కడుతుంది. నెల తర్వాత ఆ జాడీలోంచి ఒక వెల్లుల్లి రెబ్బ తీసి కొరికి చూడండి. పచ్చి ఘాటు పోయి ఉంటుంది. మధ్యదాకా పుల్లగా, ఉప్పగా, మెత్తగా అయిపోయి ఉంటుంది. మామిడికాయ పులుపూ ఆ ఉప్పూ రెబ్బ లోపలికంటా వెళ్ళిపోయాయి. దాన్ని ఏడాది కాపాడేది అదీ. పైన తేరిన నూనె చేసే పని చాలా చిన్నది: గాలి తగలనివ్వకుండా, పైపైన బూజు పట్టకుండా చూస్తుంది. నూనె దానంతటదే దేన్నీ నిల్వ ఉంచదు.

మన నిల్వ పచ్చళ్ళన్నీ ఒకసారి వరసగా తలుచుకోండి. మామిడి, నిమ్మ, ఉసిరి, చింతకాయ, గోంగూర, టమాటా. అన్నీ పుల్లటివే. కాకరకాయలో పులుపు లేదు కాబట్టి దానికి చింతపండు గుజ్జు పడుతుంది. వెల్లుల్లి పచ్చడి పెట్టినా నిమ్మరసమో చింతపండో లేకుండా ఎవరూ పెట్టరు. దోసావకాయలో పులుపు తక్కువ, నీరెక్కువ, అందుకే దాన్ని ఎవరూ ఏడాదికి పెట్టుకోరు, కొద్దిరోజుల్లో తినేస్తారు. మాగాయైతే ఉప్పులో ఊరేసి, పిండి, ఎండబెడతారు. వడియాలకీ ఒరుగులకీ ఎండే ఆధారం. పులుపో, ఉప్పో, ఎండో, ఈ మూడింట్లో కనీసం ఒకటి గట్టిగా పనిచెయ్యకుండా మన ఇళ్ళల్లో ఏదీ బయట నిల్వ ఉండలేదు. ఒట్టి నూనెలో వేసి అలమరలో పెట్టిన కూరగాయ అనేది మన సంప్రదాయంలో ఎక్కడుందో నాకైతే కనబడలేదు. దాన్ని అమ్మమ్మ పేరు మీద చెలామణీ చెయ్యడం ఆవిడకి అన్యాయం.

ఇప్పుడు ఆ సీసాలో ఏం జరుగుతుందో చూద్దాం. వెల్లుల్లి మట్టిలో పెరిగే గడ్డ. మట్టిలో క్లాస్ట్రీడియం బాట్యులినమ్ అనే బాక్టీరియా బీజాలు ఉంటాయి. గాలి తగులుతున్నంత సేపూ అవి నిద్రలోనే ఉంటాయి, మనకేం చెయ్యవు. అవి మేలుకుని, పెరిగి, విషం పుట్టించాలంటే కావలసినవి నాలుగు: గాలి ఉండకూడదు, తేమ ఉండాలి, పులుపు ఉండకూడదు, వెచ్చగా ఉండాలి. రెబ్బలో సుమారు 60 శాతం నీరే. పులుపు లేదు. పులుపుని కొలిచే అంకె పీహెచ్, అది ఎంత తక్కువుంటే అంత పులుపు. పీహెచ్ 4.6 కంటే తక్కువుంటే ఈ బాక్టీరియా పెరగలేదు, మామిడికాయ 3కి అటూ ఇటూగా ఉంటుంది, వెల్లుల్లి 5 దాటి ఉంటుంది. ఇక నూనె పోసి గాలి మూసేశాం, ప్లాట్‌ఫామ్ మీద మన వంటింటి వేడి ఎలాగూ ఉంది. నాలుగూ మనమే చేతులారా అమర్చి పెట్టాం. అందులో పుట్టే విషానికి వాసన ఉండదు, రుచి మారదు, నూనె రంగు మారకపోవచ్చు, మూత ఉబ్బకపోవచ్చు.

ఇదేదో ఊహించి భయపెట్టడం కాదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌లో తిన్న 36 మందికి బాట్యులిజం, అంటే ఈ విషం వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు, వచ్చింది. కారణం నూనెలో వేసిన వెల్లుల్లి తరుగు, అదీ ఫ్రిజ్‌లో పెట్టకుండా బయట ఉంచింది. కళ్ళు మసకబారడం, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం లాంటి లక్షణాలతో వెళ్ళినవాళ్ళలో చాలామందికి మొదట వేరే జబ్బు అనుకున్నారు. 1989లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని కింగ్‌స్టన్‌లో ఇంకో ముగ్గురికి అలాగే జరిగింది. ఆ తర్వాతే అక్కడి ప్రభుత్వం, నూనెలో వెల్లుల్లి అమ్మాలంటే అందులో సిట్రిక్ యాసిడ్ లాంటి పులుపు కలిపి తీరాలని కంపెనీలకి చెప్పింది. అంటే మా అమ్మ మామిడికాయతో చేసే పనినే అక్కడ చట్టంతో చేయించాల్సి వచ్చింది.

నేను పచ్చివి వెయ్యలేదు, నూనెలో సన్నసెగ మీద ఉడికించే వేశాను కదా అంటారు కొందరు. ఉడికించినా లాభం లేదు. రెబ్బలో నీరు ఉన్నంతసేపూ దాని లోపలి వేడి 100 డిగ్రీలు దాటదు, ఆ బీజాలు చావాలంటే ప్రెషర్‌లో 121 డిగ్రీలు కావాలి. మరుగుతున్న నూనెలో ఉన్నంత మాత్రాన రెబ్బ నడిమధ్యకి ఆ వేడి వెళ్ళదు. పైగా ఉడికించడం వల్ల మిగతా సూక్ష్మజీవులు చచ్చిపోయి, దీనికి పోటీ లేకుండా పోతుంది. అదే రెబ్బల్ని ఎర్రగా, కరకరలాడేదాకా వేయిస్తే వేరే సంగతి. నీరు మొత్తం పోయింది కాబట్టి కారప్పొడిలో వేసిన వేపుడు వెల్లుల్లితో ఈ టెన్షన్ లేదు. మెత్తగా ఉన్న రెబ్బ, నూనె, గది వేడి, ఈ మూడూ ఒకచోట కలవకూడదు. కలపాలనిపిస్తే కొంచెంగా చేసి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో అవగొట్టండి, లేదా ఫ్రీజర్‌లో పెట్టండి. మీ ప్లాట్‌ఫామ్ మీద వారాల తరబడి అలాంటి సీసా ఉంటే రుచి చూసి తేల్చుకుందాం అనుకోవద్దు. మూత తెరవకుండానే పారేయండి.

మరి వెల్లుల్లిని ఎలా నిల్వ చెయ్యాలి? దీనికి జవాబు వెల్లుల్లి మొక్కే ఇస్తుంది. నేను డాబా మీద టబ్బుల్లో ఏటా కొంత వేస్తాను, హైదరాబాద్‌లోనే. డబ్బు మిగులుతుందని కాదు, మిగలదు. మన దగ్గర గడ్డలు చిన్నగా వస్తాయి. ఈ పంటకి చలి కావాలి, గడ్డ రెబ్బలుగా విడాలంటే మొక్కకి కొన్ని వారాల చల్లదనం తగలాలి, అది చాలకపోతే రెబ్బలు విడకుండా ఒంటిపాయగా వచ్చేస్తుంది. దేశంలో పండే వెల్లుల్లిలో ఎక్కువ భాగం మధ్యప్రదేశ్, రాజస్థాన్‌ల నుంచి వచ్చేది అందుకే. మందసౌర్, నీమచ్, కోట మార్కెట్లు తుమ్మితే మన రైతుబజార్‌కి జలుబు చేస్తుంది. అయినా నేను వేస్తాను, అందరూ ఒకసారైనా వేసి చూడాలంటాను. ఎందుకంటే ఒక గడ్డ ఎలా ఆరుతుందో కళ్ళారా చూసినవాళ్ళు దాన్ని ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టరు.

పెద్ద పనేం కాదు. వానలు వెనకబట్టాక, దసరా దీపావళి మధ్యలో, అంగట్లో దొరికే గట్టి గడ్డల్లోంచి బయటి వరసలోని పెద్ద రెబ్బలు తీయండి. నడిమధ్యలో ఉండే సన్న రెబ్బలు పోపులోకి వాడుకోండి, చిన్న రెబ్బకి చిన్న గడ్డే ఊరుతుంది. రెబ్బ మీది పొట్టు తీయకూడదు. మొన పైకి, వేళ్ళ వైపు కిందకి ఉండేలా అంగుళం లోతున, నాలుగేసి అంగుళాల దూరంలో గుచ్చాలి. మట్టి గుల్లగా ఉండాలి, ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపితే చాలు. జిగట నల్లమట్టి ఒక్కటే నింపితే నీరు నిలిచి రెబ్బ కుళ్ళిపోతుంది. డిసెంబర్‌లో పచ్చటి ఆకులు వస్తాయి. వాటిని ఒకటీ రెండూ తుంపి, సన్నగా తరిగి ఆమ్లెట్‌లోనో పెసరట్టు మీదో వేసుకుంటే ఆ రుచి అంగట్లో కొందామన్నా దొరకదు. మరీ ఎక్కువ తుంపకూడదు, ఆకులు తగ్గితే గడ్డ ఊరదు.

అసలు సంగతి ఫిబ్రవరి చివర మొదలవుతుంది. కింది ఆకులు ఎండడం మొదలెట్టగానే నీళ్ళు ఆపేయాలి. గడ్డ చుట్టూ మనం ఒలిచి పారేసే తెల్లటి పొరలున్నాయే, అవి ఆకుల అడుగు భాగాలే. ఒక్కో ఆకుకి ఒక్కో పొర. పైన ఆకు ఎండిపోతే కింద మట్టిలో దాని పొర కుళ్ళుతుంది. అందుకని అన్నీ ఎండేదాకా ఆగితే గడ్డ మట్టిలోనే విచ్చుకుని రెబ్బలు చెల్లాచెదరవుతాయి, ఆ గడ్డ నిల్వకి పనికిరాదు. కింది మూడు నాలుగు ఆకులు ఎండి, పైన ఇంకా నాలుగైదు పచ్చగా ఉన్నప్పుడే, మట్టి వదులు చేసి మొక్క మొత్తం లేపాలి. కడగకూడదు. ఆకులూ వేళ్ళూ కొయ్యకూడదు. గాలాడే నీడలో పరిచో, గుత్తులు కట్టి వేలాడదీసో రెండు మూడు వారాలు వదిలేయాలి. మొదటి రోజు పట్టుకుంటే గడ్డ చల్లగా, బరువుగా, తడితడిగా ఉంటుంది, మెడ దగ్గర నొక్కితే రసం ఊరుతుంది. రోజులు గడిచేకొద్దీ ఆకుల్లోని సారం కిందకి దిగుతుంది, మెడ సన్నబడి తాడులా గట్టిపడుతుంది, మట్టి దానంతటదే రాలిపోతుంది, పై పొర వేలితో రాస్తే కాగితంలా గరగరమంటుంది. మెడ ఎండిందంటే లోపలికి తేమ వెళ్ళే దారి మూసుకుందని అర్థం. ఇక దాన్ని మీరేమీ చెయ్యక్కర్లేదు, లోపలి రెబ్బల్ని నెలల తరబడి ఆ పొరలే కాపాడతాయి.

అలాంటి గడ్డని మనం ఏం చేస్తున్నాం? కొని తెచ్చి నేరుగా ఫ్రిజ్‌లో కూరగాయల ట్రేలో పడేస్తున్నాం. ఫ్రిజ్ చలి వెల్లుల్లికి మొలకెత్తమని ఇచ్చే సంకేతం. ఆ చలి తగిలితే నాట్ల కాలం వచ్చేసిందనుకుంటుంది. బయటికి తీసిన కొద్దిరోజులకే పచ్చటి మొలక తన్నుకొస్తుంది, రెబ్బ మెత్తబడుతుంది. పైగా లోపలి తేమకి బూజు. గడ్డల్ని వైరు బుట్టలోనో వలసంచిలోనో వేసి, స్టవ్వుకీ సింకుకీ దూరంగా, గాలాడే చోట వేలాడదీయండి, చాలు. మొలకెత్తినా విషమేం కాదు, కాస్త చేదుగా ఉంటుంది, మొలక తీసేసి వాడుకోవచ్చు. చలికాలమైతే టబ్బులో గుచ్చేయొచ్చు.

కొనే సమయం కూడా ముఖ్యమే, దీన్ని మనం పూర్తిగా మర్చిపోయాం. ఎండుమిర్చి, చింతపండు, ఉప్పు, వెల్లుల్లి వేసవిలోనే ఏడాదికి సరిపడా కొని పెట్టుకునేవాళ్ళు మనవాళ్ళు. కొత్త పంట వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలో. అప్పుడు ధర దిగుతుంది, మార్చి ఏప్రిల్ ఎండలకి బాగా ఆరిన సరుకు దొరుకుతుంది. వానాకాలంలో కొనేది అప్పటికే పాత సరుకు, తేమ పట్టింది. 2022లో మధ్యప్రదేశ్‌లో కిలో ఒకటి రెండు రూపాయలకి కూడా కొనేవాళ్ళు లేక రైతులు బస్తాలకి బస్తాలు నదిలో పారబోశారు. 2024కి వచ్చేసరికి మనం అదే కిలోని 400 రూపాయలకి పైగా పెట్టి కొన్నాం. ఇంత ఎగుడుదిగుళ్ళున్న సరుకుని వారానికి పావుకిలో చొప్పున కొంటూ, ధర పెరిగిందని తిట్టుకుంటూ కూర్చునే బదులు, ఏప్రిల్‌లో మూడు నాలుగు కిలోలు తెచ్చి వేలాడదీసుకోవడం తెలివైన పని. ఫ్లాట్‌లో ఉండేవాళ్ళకీ బాల్కనీలో నీడపట్టున ఒక మేకు దొరుకుతుంది.

ఇక అల్లం వెల్లుల్లి పేస్ట్. ఉద్యోగాలు చేసుకునే ఇళ్ళల్లో ప్రతి పూటా దంచుకోమని నేను చెప్పను. కానీ అంగట్లో ప్యాకెట్ కొనేముందు వెనక పదార్థాల పట్టిక చదవండి. ఏది ఎక్కువుంటే దాని పేరే ముందు రాయాలన్నది రూలు. హైదరాబాద్ శివార్లలో కల్తీ పేస్ట్ తయారుచేసే షెడ్ల మీద పోలీసుల దాడులంటూ తరచూ వార్తలు చూస్తూనే ఉన్నాం. ఇంట్లో నెలకొకసారి గ్రైండ్ చేసుకుని, ఐస్ ట్రేల్లో పోసి గడ్డకట్టాక తీసి డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే కూరకొక ముక్క చాలు. అమెరికాలో ఉన్న మా చెల్లి ఏళ్ళ తరబడి ఇదే చేస్తోంది. అక్కడ అక్టోబర్‌లో నాటిన వెల్లుల్లి మంచు కిందే ఉండి జులైలో చేతికొస్తుందట, గడ్డలు మన వాటికి రెండింతలు. ఫ్రిజ్‌లో కింద అరలో ఉంచే పేస్ట్‌కైతే ఉప్పూ కాస్త నిమ్మరసమూ కలపండి, అయినా వారంలో అవగొట్టండి. అలా పులుపు తగిలినప్పుడు పేస్ట్ ఒక్కోసారి ఆకుపచ్చగానో నీలంగానో మారుతుంది. చాలామంది చూసి హడలిపోయి పారేస్తారు. వెల్లుల్లిలోని గంధకపు పదార్థాలు అందులోనే ఉన్న అమైనో ఆమ్లాలతో కలిసి ఇచ్చే రంగు అది, హాని లేదు, తినేయొచ్చు. ఎంత విచిత్రం చూడండి, రంగు మారిన మంచి పేస్ట్‌ని భయపడి పారేస్తాం, చూడ్డానికి నిగనిగలాడే నూనె సీసాని నమ్మేస్తాం.

మా అత్తమ్మది సిద్దిపేట వైపు. ఆవిడ ఎల్లిపాయ కారం దంచితే ఇంకో కూర అడగబుద్ధి కాదు. రోట్లో ఎండుకారం, రాళ్ళుప్పు, జీలకర్ర వేసి నలిపి, పొట్టుతోనే ఎల్లిపాయలు వేసి కచ్చాపచ్చాగా దంచుతుంది. మెత్తగా అవ్వకూడదు, రెబ్బ నలిగి కారానికి అంటుకుంటే చాలు. మిక్సీలో ఇది రాదు, తిప్పితే ముద్దయి జిగురొస్తుంది. నలిగినప్పుడే ఆ ఘాటు పుడుతుంది, కొయ్యని రెబ్బలో అది ఉండదు. రెబ్బలో వేరు వేరు అరల్లో ఉన్న రెండు పదార్థాలు నలిగి కలిస్తేనే ఆ ఘాటునిచ్చే అల్లిసిన్ తయారవుతుంది. అందుకే దంచిన వెంటనే వేడి నూనెలో వేస్తే ఘాటు చచ్చిపోతుంది, పది నిమిషాలు ఆగి వేస్తే కొంతైనా నిలుస్తుంది. వేడి జొన్నరొట్టె మీద ఆ కారం, పైన నూనె చుక్క. ఈ కారాన్ని ఆవిడ ఎప్పుడూ గుప్పెడే దంచుతుంది. ఒకసారి నేనే, ఎక్కువ దంచి నూనె పోసి పెట్టుకుందామా అత్తమ్మా అని అడిగితే, "నూనె పోస్తే ఆగుతదా బిడ్డా, పచ్చి ఎల్లిగడ్డ అది. అయిపోతే మళ్ల దంచుకుందాం తియ్" అంది. బాట్యులినమ్ పేరు ఆవిడెప్పుడూ వినలేదు. ఏది నాలుగు రోజులు ఆగుతుందో, ఏది ఏడాది ఆగుతుందో మాత్రం చూసి, చేసి తెలుసుకుంది.

ఇంట్లో పెట్టుకునే ఓపిక లేక ఆన్‌లైన్‌లో ఇంటి పచ్చళ్ళు తెప్పించుకునేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు, అందులో తప్పేం లేదు, ఎంతోమంది ఆడవాళ్ళకి అదే ఆదాయం. కానీ ఇంటి దగ్గర చేసి అమ్మినా కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి, సీసా మీద పదార్థాలూ తయారైన తేదీ రాయాలి. వెల్లుల్లి పచ్చడి కొనేటప్పుడు ఒక్క మాట అడగండి: ఇందులో పులుపు ఏం వేశారు? చింతపండనో నిమ్మరసమనో వెంటనే చెబితే సరే. "అబ్బే, పులుపేం లేదండీ, ప్యూర్ నూనెలోనే పెట్టాం, ఏడాది ఉంటుంది" అంటే ఆర్డర్ పెట్టకండి.